లెక్కల సాధన – పావులూరి మల్లన నాటినుండి పరీక్షల కాలము వరకు

గణితమున సూత్రమును గురువు చెప్పును. లెక్కను శిష్యుడు చేయవలెను. ఈ మాట తాతలనాటి వీధిబడులలో ఎంత నిజమో, నేడు పదవ తరగతి పరీక్షకు కూర్చుండు బాలబాలికల విషయమునను అంతే నిజము. ఏటేట మాఘ ఫాల్గుణ మాసములు వచ్చుసరికి పల్లెలయందు దీపముల వెలుగున వ్రాతపుస్తకములు తెఱచుకొని, ఒకే తీరు లెక్కను పదిమార్లు కట్టుచున్న విద్యార్థులు కనిపించుచుందురు. ఈ యలవాటు ఇంగ్లీషు చదువులతో మన దేశమునకు వచ్చినదని పలువురు తలంతురు. అది సరికాదు. తెలుగు నేలపై లెక్కలు కట్టించి విద్య గఱపు సంప్రదాయము ఎన్నో శతాబ్దముల నాటిది. ఆ చరిత్రను, అందులోని లాభనష్టములను తెలిసికొనుట గ్రామ గ్రంథాలయమునకు వచ్చు చదువరులకు ఉపయుక్తము.

కృష్ణా తీరమున అమరావతి ఈ చరిత్రకు తగిన ప్రారంభస్థానము. పూర్వము ధాన్యకటకమని పేరుగన్న యీ ప్రదేశమున వెలసిన మహాస్తూపము నేడు పునాది వరకే మిగిలియున్నది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లినుండి అమరావతికి మార్చినప్పుడు కట్టడములకు రాళ్లు కావలసి యిచటి దిబ్బను త్రవ్వించెను. ఆ వార్త విని కర్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూచి లోకమునకు తెలిపెను. ఇచటి శిల్పములు నేడు మద్రాసు, లండను వస్తుప్రదర్శనశాలలలో ఉన్నవి. శిల్పముల యందమును గూర్చి అందఱు చెప్పుదురు గాని, స్తూపమును కట్టినవారి లెక్కను గూర్చి చెప్పువారు తక్కువ. స్తూపపు అండమునకు ఆధారమైన గుండ్రని వేదిక వ్యాసము సుమారు 162 అడుగులు. నాలుగు దిక్కుల నాలుగు ముందరి అరుగులు, ఒక్కొక్క అరుగున అయిదేసి ఆయక స్తంభములు, వెరసి 20 స్తంభములు. అంత పెద్ద వృత్తమును నేలమీద తప్పులేక గీచి, చుట్టును ఎన్ని ఫలకములు పట్టునో ముందుగా తెలిసికొనవలెనన్న వ్యాసమునకును పరిధికిని గల సంబంధము తెలిసియుండవలెను.

ఈ సంబంధమే నేటికిని ఉన్నత పాఠశాలలో వృత్తమును గూర్చిన మొదటి పాఠము. స్తూపమును కట్టిన తరువాత కొన్ని శతాబ్దములకు గణితశాస్త్రము వ్రాసిన మహావీరాచార్యుడు పరిధికి రెండు లెక్కలు చెప్పెను. వ్యాసమును మూడింటితో హెచ్చించిన స్థూలఫలము. పదింటి వర్గమూలముతో హెచ్చించిన సూక్ష్మఫలము. అమరావతి వేదికకు స్థూలముగా చూచిన 486 అడుగులు, సూక్ష్మముగా చూచిన సుమారు 512 అడుగులు వచ్చును. నేటి విద్యార్థి ఇరువదిరెండింటిని ఏడుచే భాగించిన సంఖ్యను వాడి 509 అడుగులని చెప్పును; ఇది వాస్తవమునకు మిక్కిలి దగ్గరగ నుండును. ఒకే ప్రశ్నకు మూడు కాలముల సమాధానములు ప్రక్కప్రక్కన నుంచి చూచినచో గణితము ఎట్లు పెరిగినదో బాలునికి బోధపడును. స్తూపము చెంతకు బోయి తాడుతో కొలిచి చూచిన యెడల ఆ పాఠము జన్మమున మఱపురాదు.

మహావీరాచార్యుడు రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్ష నృపతుంగుని కాలమువాడు. క్రీస్తు శకము 850 ప్రాంతమున సంస్కృతమున గణితసార సంగ్రహమను గ్రంథమును రచించెను. 1912లో రావు బహదూర్ ఎం. రంగాచార్యులు దీనిని ఆంగ్లానువాదముతో మద్రాసున ప్రకటించిన పిమ్మట పాశ్చాత్య పండితులకును దీని విలువ తెలిసినది. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని స్పష్టముగా చెప్పినవాడు మహావీరుడు. అయితే మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనది ఆ గ్రంథము నడచిన పద్ధతి. అందు ముందుగా సూత్రము చెప్పబడును. వెంటనే ఉద్దేశకమను పేర ఒక ప్రశ్న, దానిపై మఱియొకటి, ఆపై వేఱొకటి యిచ్చి చదువరిచే లెక్క కట్టించును. ఆ ప్రశ్నలలో వర్తకులు, బాటసారులు, పూలు, పండ్లు, బంగారపు వన్నెలు, వడ్డీలు వచ్చుచుండును. విసుగు పుట్టకుండుటకై విచిత్రమైన లెక్కలును కలవు. 139ని 109చే హెచ్చించిన 15151 వచ్చును. ఎటునుండి చదివినను ఒక్కటే. ఇట్టి సంఖ్యలను ఆతడు హారములని పిలిచెను. హెచ్చవేత నేర్చుచున్న బాలుడు తన లెక్క సరియైనదని తనకు తానే తెలిసికొనునట్లు చేసిన యీ యుపాయము గొప్ప ఉపాధ్యాయునికే తోచును.

ఈ గ్రంథమును తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. ఆతని కృతికి సారసంగ్రహ గణితమని పేరైనను లోకమున పావులూరి గణితమనియే ప్రసిద్ధి. పావులూరు నేటి బాపట్ల జిల్లాలో ఇంకొల్లు చెంతనున్న గ్రామమని పెద్దలు చెప్పుదురు. మల్లన నన్నయకు సమకాలికుడై రాజరాజ నరేంద్రుని కాలమున నుండెనని కొందఱు, ఆ కాలమువాడు ఈతని తాతయని మఱికొందఱు వాదించిరి. పదునొకండవ శతాబ్దియైనను, పండ్రెండవ శతాబ్దియైనను, తెలుగు సాహిత్యము కన్నుతెఱచిన తొలినాళ్లలోనే గణితగ్రంథము తెలుగున వెలసినదనుటలో సందేహము లేదు. భారతమును తెనిగించిన జాతి లెక్కలను కూడ ఆ యుగముననే తెనిగించుకొన్నది. మల్లన కేవలము మాటకు మాట మార్చి యూరకుండలేదు. మూలము జైనుని రచన, మల్లన శైవుడు. అందుచే జినపూజలు వచ్చు ప్రశ్నలను తన పాఠకులకు పరిచితములగునట్లు మార్చుకొనెను. లెక్క పాతదే, అందలి మనుష్యులు, దేవుడు, పూలు మాత్రము చదువరి యూరివారైరి. నేర్చువాని పరిసరములనుండియే ప్రశ్న పుట్టవలెనను బోధనాసూత్రమును ఆతడు ఆచరణమున చూపెను.

చదరంగపు గళ్ల లెక్క మల్లన పద్యములలో మిక్కిలి ప్రసిద్ధి వహించినది. చదరంగమున 64 గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ప్రతి గడికిని రెట్టింపు చేయుచు పోయిన మొత్తము ఎంత? సమాధానము 18,446,744,073,709,551,615. ఇరువది అంకెల యీ సంఖ్యను మల్లన ఒక్క పద్యమున నిమిడ్చెను. అంకెలకు బదులు వస్తువుల పేళ్లు వాడుట ఆనాటి పద్ధతి: బాణములనగా 5, చంద్రుడనగా 1, వేదములనగా 4, అగ్నులనగా 3, ఆకాశమనగా సున్న. పద్యమున మొదట వచ్చు పేరు ఒకట్ల స్థానమునకు చెందును. అటుపిమ్మట కుడినుండి ఎడమకు అంకెలను వ్రాసికొనుచు పోవలెను. పద్యము నోటికి వచ్చిన సంఖ్యయు నోటికి వచ్చును.

అయితే పద్యము వచ్చినంత మాత్రమున లెక్క వచ్చినట్లు కాదు. 64 సంఖ్యలు వ్రాసి కూడువాడు ఎక్కడనో ఒకచోట తప్పు చేయును. సాధన చేసినవాడు ముందుగా చిన్న గళ్లు పట్టి చూచును. రెండు గళ్ల మొత్తము 3, మూడు గళ్ల మొత్తము 7, నాలుగు గళ్ల మొత్తము 15. ప్రతిసారియు మొత్తము తరువాతి గడిలోని గింజలకంటె ఒకటి తక్కువ. అనగా 64 గళ్ల మొత్తమునకు అఱువది యయిదవ గడి యున్నట్లు భావించి అందులో ఒకటి తీసివేసిన చాలును. ఆ గడి సంఖ్యకు కూడ 64 మార్లు రెట్టింపు అక్కఱలేదు. రెండును దానిచేతనే హెచ్చించిన 4, నాలుగును అట్లే హెచ్చించిన 16, తరువాత 256, ఆపై 65,536, ఆపై 4,294,967,296. దానిని మఱియొక్కమారు దానిచేతనే హెచ్చించిన పని ముగిసినది. మొత్తము ఆరు హెచ్చవేతలు. సాధనయనగా ఒకే పనిని గ్రుడ్డిగా మరల మరల చేయుట కాదనియు, చేయుచు చేయుచు దగ్గఱదారి కనుగొనుటయనియు ఈ యొక్క లెక్క వలన తెలియుచున్నది.

మల్లననాటినుండి పందొమ్మిదవ శతాబ్ది వరకు గ్రామములలో గణితమునకు ఆలవాలము వీధిబడి. ఇసుకలో వ్రేలితో గుంట ఓనమాలు దిద్దుటతో చదువు మొదలయ్యెడిది. అక్షరములు వచ్చిన పిమ్మట ఎక్కములు, కూడికలు, తీసివేతలు, కాలు, అర, ముప్పాతిక, వీసము మొదలగు భిన్నములు, కొలతలు, వడ్డీలు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానియందలి బడుల లెక్క తెప్పించెను. 1826లో ఆతడు వ్రాసిన నివేదికను బట్టి 12,498 బడులును, అందు 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. జనసంఖ్య కోటి యిరువదియెనిమిది లక్షలు గనుక సుమారు వేయిమందికి ఒక బడి చొప్పున ఉండెనన్నమాట.

ఆ సందర్భమున బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక తెలుగు, కన్నడ బడుల స్థితిని కన్నులకు కట్టినట్లు చూపుచున్నది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఉదయమున మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు; రెండవవానికి సున్న చుట్టుదురు; మూడవవాడు మొదలుకొని ఆలస్యమునకు తగినట్లు బెత్తపు దెబ్బలు హెచ్చుచుండును. పెద్ద తరగతివారు చిన్నవారికి పాఠములు చెప్పుచుందురు. ఇట్టి పద్ధతినే మద్రాసు ప్రాంతమున చూచి ఆండ్రూ బెల్ ఎగ్మూరు అనాథశాలలో ప్రవేశపెట్టి, 1797లో లండనున పుస్తకముగా ప్రకటించెను. ఆ విధముగా మన వీధిబడి పద్ధతి ఇంగ్లండు పాఠశాలలకును ప్రాకినది. కాని కాంబెల్ ఒక లోపమును కూడ దాచక చెప్పెను. పిల్లలు పద్యములను అర్థము తెలియక చిలుకపలుకులుగా వల్లించుచున్నారని ఆతని విమర్శ. ఈ విమర్శను ద్వేషముతో చేసినదని త్రోసివేయరాదు. రెండువందల సంవత్సరముల తరువాత పరీక్షల విషయమున అదే మాట మరల వినవచ్చుచున్నది.

వీధిబడిలో కంఠస్థమునకు ప్రాముఖ్యము హెచ్చుటకు కారణము లేకపోలేదు. కాగితము అపురూపము, అచ్చుపుస్తకము అరుదు. కొలగారపు చోట, సంతలో, కళ్లములో లెక్క నోటనే తేలవలెను. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము, నాలుగు కుంచములు ఒక తూము, ఇరువది తూములు ఒక పుట్టి. రూపాయికి పదునాఱు అణాలు, అణాకు పండ్రెండు పైసలు. పుట్టి ధాన్యము నూఱు రూపాయలైన మూడు తూముల రెండు కుంచముల వెల యెంత యని అడిగిన యెడల, బడి చదివిన రైతు వ్రేళ్లు మడచుచు చెప్పును. పుట్టికి 80 కుంచములు గనుక కుంచము వెల రూపాయిన్నర కంటె తక్కువ, రూపాయి కంటె ఎక్కువ, సరిగా ఒకటింపావు. మూడు తూముల రెండు కుంచములనగా 14 కుంచములు. పదునాలుగు రూపాయలును, పదునాలుగు పావలాలును కలిసి 17 రూపాయల 8 అణాలు. దీనికి కాగితము అక్కఱలేదు. త్రైరాశికమను శాస్త్రనామము తెలియకపోయినను త్రైరాశికమే ఆతని నాలుకపై నుండెను.

ఈ విద్య రానివానికి కలుగు నష్టము చిన్నది కాదు. పల్లెలలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుదురు. రెండు రూపాయల వడ్డీ యన్న మాట వినుటకు స్వల్పముగా తోచును. అది సంవత్సరమునకు నూటికి 24 రూపాయలు. వేయి రూపాయల అప్పు మూడేండ్లకు బారువడ్డీతో 1,720 రూపాయలగును. ఏటేట వడ్డీని అసలులో కలిపి నోటు తిరగవ్రాసిన యెడల అదే అప్పు 1,906 రూపాయల 62 పైసలగును. ఈ రెంటికి నడుమ నున్న 186 రూపాయల 62 పైసల తేడాను చూడగలవాడు సంతకము చేయుటకు ముందు ప్రశ్నించును. చూడలేనివాడు వ్రేలిముద్ర వేయును. ఎన్ని ఎకరములు ఈ తేడా తెలియకనే చేతులు మారినవో ఊరూర వృద్ధులు ఎఱుగుదురు. బారువడ్డీ చక్రవడ్డీల లెక్కలు పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చునవి మాత్రమే కావు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడి మెట్రిక్యులేషన్ పరీక్ష యారంభమైన పిమ్మట లెక్కల సాధన క్రొత్త రూపు దాల్చెను. అంకగణితమునకు తోడు బీజగణితము, యూక్లిడ్ రేఖాగణితము తప్పనిసరియయ్యెను. 1885లో వెలువడిన హాల్, నైట్ గార్ల బీజగణితము మొదలగు పుస్తకములలో ప్రతి ప్రకరణము చివర పదుల కొలది అభ్యాసములు, గ్రంథాంతమున సమాధానములు ఉండెడివి. ఆ సంవత్సరముననే గుంటూరున నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల ఆరంభమైనది. ఇరువదవ శతాబ్ది రెండవ దశకము నాటికి మెట్రిక్యులేషన్ స్థానమున ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష స్థిరపడెను. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినది. అప్పటి సత్తెనపల్లి తాలూకా గ్రామమైన అమరావతి పిల్లలకు గాని, పల్నాటి పిల్లలకు గాని ఉన్నత విద్య కావలెనన్న ఊరు విడిచి పోవుట తప్పెడిది కాదు. పోయిన పిదప మఱియొక కష్టము. బోధన ఇంగ్లీషున జరిగెడిది. లెక్కలలో పౌనులు, షిల్లింగులు, పెన్సులు వచ్చెడివి. ఇంటివద్ద మానికను ఎఱిగిన బాలుడు బడిలో ఎన్నడు చూడని నాణెములను మార్చుచు కూర్చుండెడివాడు. మల్లన తొమ్మిది శతాబ్దములకు పూర్వము పాటించిన సూత్రమును క్రొత్త పాఠశాలలు మఱచినవి.

పరీక్ష యనునది గణితశక్తికి పూర్తి కొలబద్ద కాదని చెప్పుటకు శ్రీనివాస రామానుజన్ జీవితమే సాక్ష్యము. కుంభకోణమున పాఠశాల చదువును దివ్యముగా ముగించిన ఆ బాలునికి 1903లో కార్ వ్రాసిన గణిత సంగ్రహ గ్రంథము లభించెను. అందు వేలకొలది ఫలితములు ఉండెను గాని వాని ఉపపత్తులు చాలవఱకు లేవు. రామానుజన్ వానినన్నిటిని తనకు తానే సాధించుకొనుచు పోయెను. అందు మునిగి తక్కిన విషయములను విడుచుటచే ఎఫ్.ఏ. పరీక్షలో తప్పెను, ఉపకారవేతనము పోయెను. 1910లో నెల్లూరు కలెక్టరుగా నున్న ఆర్. రామచంద్రరావు ఆ యువకుని వ్రాతపుస్తకములను చూచి నెలకు 25 రూపాయల సాయము చేసెను. 1912లో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టున గుమాస్తాగా చేరెను. రెండేండ్లకు కేంబ్రిడ్జి చేరెను. పరీక్ష తప్పిన విద్యార్థిని గుర్తించుటకు ఒక పుస్తకము, ఒక వ్రాతపుస్తకము, దానిని ఓపికతో చూచిన ఒక పెద్దమనిషి కావలసివచ్చిరి. ఈ మూడింటిలో మొదటిదానిని సమకూర్చుట గ్రంథాలయము పని.

నిత్యసాధన ఫలమునకు తెలుగువారిలో సి.ఆర్. రావు చక్కని నిదర్శనము. కల్యంపూడి రాధాకృష్ణరావు 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హడగలిలో జన్మించెను. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి యగుటచే గూడూరు, నూజివీడు, నందిగామ మొదలైన ఊళ్లలో బడులు మారుచు చదివి విశాఖపట్టణము చేరెను. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి లీలావతి లెక్కల పుస్తకమును కొనియిచ్చి దినమునకు అయిదు మొదలు పది లెక్కలు చేయుమని నియమము పెట్టెను. తల్లి లక్ష్మీకాంతమ్మ ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి నూనెదీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టెడిది. ఈ ఋణమును ఆయన వార్ధక్యమునను మఱువక తన గ్రంథమున స్మరించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున పట్టభద్రుడై, 1941లో కలకత్తా భారతీయ సాంఖ్యక సంస్థలో చేరి, 1945లో ప్రకటించిన ఒక్క వ్యాసముతో సాంఖ్యకశాస్త్రమున చిరస్థాయియైన పేరు గడించెను. 2023లో సాంఖ్యకశాస్త్రమున అంతర్జాతీయ బహుమానము పొంది, ఆ సంవత్సరము ఆగస్టు 22న 102 ఏండ్ల వయస్సున పరమపదించెను. దినమునకు అయిదు లెక్కలనగా సంవత్సరమునకు 1,825 లెక్కలు. ఇది ధనికులకు మాత్రమే సాధ్యమైన వ్రతము కాదు; పలక, బలపము, తెల్లవారుజామున లేపు తల్లి యున్న చాలును.

స్వాతంత్ర్యానంతరము సాధన పద్ధతి మఱికొన్ని మార్పులు చెందెను. ఉన్నత పాఠశాలలలో తెలుగు బోధనాభాషగా వ్యాపించెను. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చి రూపాయికి నూఱు నయాపైసలయ్యెను. తరువాత కొలది యేండ్లలో కుంచము, వీసె మొదలగు కొలతల స్థానమున లీటరు, కిలోగ్రాము నిలిచెను. అణాపైసల హెచ్చవేతలు, పుట్టి తూముల మార్పిడులు చేయలేక కన్నీరు పెట్టిన తరములకు ఇది పెద్ద విముక్తి. అయితే వానితోపాటు నోటిలెక్క యభ్యాసము కూడ సన్నగిల్లెను. ఆ కాలమున జనరల్, కాంపోజిట్ అని గణితమున రెండు తెఱగులుండెడివి. కాంపోజిట్ గణితము చదివినవారికే ఇంజనీరింగు మొదలగు పై చదువుల త్రోవ సులభమయ్యెడిది. పదునాలుగేండ్ల బాలుడు చేసిన ఎంపిక జీవితాంతము వెన్నాడెడిది. 1969 ప్రాంతమున పాఠశాల విద్య పది తరగతులుగా, ఆపై రెండేండ్ల ఇంటర్మీడియెట్‌గా ఏర్పాటయ్యెను.

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులోను, 1972లో అమరావతికి చేరువనున్న తాడికొండలోను ప్రభుత్వ గురుకుల పాఠశాలలు వెలసెను. పల్లెబిడ్డలకు ప్రవేశపరీక్ష పెట్టి చేర్చుకొని, ఉచితముగా చదువు చెప్పి, ఉదయము సాయంకాలము ఉపాధ్యాయుల సమక్షమున అభ్యాసము చేయించుట అచటి విధానము. కూలి చేసికొను కుటుంబముల పిల్లలును పెద్ద పరీక్షలలో ముందునకు వచ్చుటకు ఇట్టి పాఠశాలలు సోపానములైనవి. బుద్ధి పట్టణములలో మాత్రమే పుట్టునన్న భ్రమను అవి తొలగించినవి. పల్లెబిడ్డకు కొఱవడినది తెలివి కాదు. సాధనకు తగిన చోటు, పుస్తకము, తప్పు దిద్దు చేయి.

బాలికల విషయము వేఱుగా చెప్పదగియున్నది. కాంబెల్ లెక్కించిన 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. అనగా నూటికి ఒకరు కూడ లేరు. కాని అంతకు దాదాపు ఏడు శతాబ్దములకు పూర్వమే, 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో లెక్కలు ఒక బాలికను సంబోధించి అడుగబడినవి. ఆమె ఆచార్యుని కూతురని జనశ్రుతి. గ్రంథమున కూతుర్ని పిలిచి లెక్క అడిగిన దేశమున బడిలో కూతుళ్లు లేకపోవుట శోచనీయము. నేడు ఆ స్థితి మారినది. పల్లె పాఠశాలలలో బాలికలు బాలురతో సమముగా కూర్చుండి పదవ తరగతి లెక్కలు చేయుచున్నారు. అయినను ఇంటిపనుల నడుమ వారికి ఒక గంట విరామమును, ఒక దీపమును ఇచ్చుట తల్లిదండ్రుల చేతిలో నున్నది.

ఇక నేటి పరీక్షాభ్యాసమున గల దోషమును గూర్చి చెప్పవలసియున్నది. పదవ తరగతి గణితమున ఉత్తీర్ణతకు నూటికి 35 మార్కులు చాలును. ఆ 35 మార్కులకై గైడు పుస్తకములు కొని, రాదగిన ప్రశ్నలను గుర్తు పెట్టుకొని, సమాధానములను అంకెలతో సహా కంఠస్థము చేయువారు కలరు. ప్రశ్నలో 12 ఉన్నచోట 15 వచ్చినచో వారి చేయి ఆగిపోవును. ఇది కాంబెల్ చెప్పిన చిలుకపలుకే. పద్యము పోయి లెక్క వచ్చినది, అంతే. వీధిబడి బాలుడు ఎక్కములను కంఠస్థము చేసెను గాని, వెలను కంఠస్థము చేయలేదు. వెల దినదినము మారును గనుక ఎక్కములను పనిముట్లుగా గొని లెక్కను తానే కట్టెను. పనిముట్టును కంఠస్థము చేయుట విద్య. ఫలితమును కంఠస్థము చేయుట అప్పు తెచ్చికొనుట.

అట్లని పరీక్షలను, అభ్యాసములను నిందించుట తగదు. సరియైన సాధనకు పెద్దలు చూపిన మార్గము సులభమైనది. సూత్రము చదివిన వెంటనే పుస్తకములోని మాదిరి లెక్కను మూసిపెట్టి స్వయముగా కట్టవలెను. సమాధానము కలియనిచో వెనుకనున్న జవాబును బట్టి అంకెలను దిద్దుకొనక, తప్పు జరిగిన మెట్టును వెదకవలెను. లెక్క ముగిసిన పిమ్మట మఱియొక దారిలో సరిచూడవలెను. అటుపై తన ఊరినుండి, తన ఇంటినుండి అట్టి లెక్కను తానే కల్పించి మిత్రునికి ఈయవలెను. మహావీరుడు ఉద్దేశకములతోను, మల్లన తెలుగు పద్యములతోను చేసినది ఇదియే. అడుగుట నేర్చినవానికి చెప్పుట కష్టము కాదు.

ఈ పనికి గ్రామ గ్రంథాలయము కంటె తగిన చోటు లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాటినుండి అయ్యంకి వేంకటరమణయ్య మున్నగు పెద్దలు ఊరూర గ్రంథాలయములను నెలకొల్పుటకు పాటుపడిరి. అంతకు ముందే 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పూనికతో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, ప్రకృతిశాస్త్రములను తెలుగున సామాన్యులకు అందించెను. గ్రంథాలయమనగా నవలలును, వార్తాపత్రికలును మాత్రమే కాదని వారి యుద్దేశము. ఒక బల్ల, ఒక దీపము, పాత ప్రశ్నపత్రముల కట్ట, గణిత పుస్తకములు నాలుగు, వారమునకు రెండు సాయంకాలములు వచ్చి కూర్చుండు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్న యెడల, ట్యూషనుకు పోలేని బిడ్డకు అది గురుకులమగును. రైతు తన నోటు కాగితమును తెచ్చి వడ్డీ లెక్క చూపించుకొనుటకును అదియే స్థలము. ఆ బల్లకు ఒక ప్రక్క పదవ తరగతి బాలిక, మఱియొక ప్రక్క ఆమె తండ్రి కూర్చుండి ఒకే చక్రవడ్డీ లెక్కను కట్టిన దినమున గ్రంథాలయోద్యమము తన పని తాను చేసినట్లే.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా యేర్పడి అమరావతి అందు చేరినది. పేర్లు మారినను, ఎల్లలు మారినను, కృష్ణ ఒడ్డున స్తూపపు వృత్తము అట్లే యున్నది. దానిని గీచినవారి పేళ్లు మనకు దక్కలేదు. వారి లెక్క మాత్రము రెండువేల యేండ్లు నిలిచినది. నేడు వ్రాతపుస్తకమున వృత్తము గీచుచున్న పల్లెబిడ్డ ఆ సంప్రదాయమునకే వారసుడు. ఆ బిడ్డ మార్కులకై మొదలుపెట్టిన సాధన మార్కులతో ఆగక, జీవితమున మోసపోని తెలివిగా పండుగాక యని రజతోత్సవ శుభసమయమున ఆకాంక్షించుట సముచితము.